ఐదేళ్ల తిట్లు

నెస్టర్ హారసిమ్ నోటికి భయపడని వాళ్లు మా వెసెలా ఊళ్లో ఇద్దరే ఉండేవాళ్లు. ఒకరు చెవుడున్న పాత ఫాదరీగారు. ఆయనకు వినపడేది కాదు కాబట్టి భయం లేదు. రెండోది స్టెఫా డానిల్కో. ఆవిడకు వినపడేది, తిరిగి నాలుగు అంటించేది కూడా.

నెస్టర్ పొలానికీ స్టెఫా పొలానికీ మధ్య ఒక కాలవ ఉంది. వసంతంలో మంచు కరిగితే స్టెఫా పొలంలోని నీళ్లు ఆ కాలవ దాటి నెస్టర్ చేలోకి పోతాయి. ఆ నీళ్లతో పాటు ఆవిడ పొలంలోని అడవి ఓట్లు అనే కలుపు గడ్డి గింజలూ పోతాయి. ఏటా ఏప్రిల్ రాగానే కో-ఆప్ స్టోర్లో కాఫీ బల్ల దగ్గర, పదిమంది రైతుల ముందు, నెస్టర్ మొదలుపెట్టేవాడు. "మీ నాన్న పోతూ పోతూ నీకు పన్నెండు వందల ఎకరాలిచ్చాడు గానీ ఒక పార ఇవ్వడం మర్చిపోయాడే! ఆ కాలవ పూడిక తియ్యవే మొండిఘటమా!" స్టెఫా కాఫీ కప్పు కింద పెట్టేది కూడా కాదు. "నీళ్లు పల్లానికి పోతాయి బాబాయ్. నీ పొలం పల్లంలో కొనమని నీకు నేను చెప్పానా?" బల్లంతా గొల్లుమనేది. మా వైపు కాఫీ బల్ల అంటే అదే. వానలు, ధరలు, ఒకళ్లనొకళ్లు ఉతికి ఆరెయ్యడం. అక్కడ తిట్లు తినని వాడు ఊళ్లో మనిషి కింద లెక్క కాదు.

స్టెఫా తండ్రి పోయేనాటికి ఆవిడకు ఇరవై ఆరేళ్లు. అప్పటి నుంచీ ఒంటిచేత్తో సేద్యం చేసింది. పెళ్లెప్పుడే అని చర్చి ఆడవాళ్లు అడిగితే, "పన్నెండు వందల ఎకరాలతో కాపురం చేస్తున్నా, అది చాలక ఇంకొకడా?" అనేది. గోధుమ, బార్లీ, ఒక్కో ఏడు మసూరు పప్పు వేసేది. కెనడాలో, ఈ సస్కాచవాన్‌లో, మా పక్క మట్టిని నమ్ముకున్న వాళ్లు చెడిపోలేదు గానీ, నిద్ర మాత్రం పోలేదు.

ఐదేళ్ల కిందట ఏప్రిల్లో, గాదె మీద మూత బిగించడానికి ఇనుప నిచ్చెన ఎక్కింది. పై మెట్టు మీద పలచగా మంచు పేరుకుని ఉంది. ఇరవై అడుగుల ఎత్తు నుంచి పడింది. ఊళ్లో వెల్డింగు చేసే లార్స్, గింజల లారీ కోసం వచ్చి, ఆవిడను చూసి అంబులెన్సు పిలిచాడు. ప్రాణం దక్కింది. నడుం కింద నుంచి మాత్రం కదలిక పోయింది.

ఆ ఏడు కోతల సమయానికి స్టెఫా ఇంకా పట్నం ఆసుపత్రిలో, కుర్చీలోంచి మంచం మీదికి, మంచం మీంచి కుర్చీలోకి మారడం నేర్చుకుంటోంది. ఇక్కడ మాత్రం నెస్టర్ కాఫీ బల్ల దగ్గర ఒక కాగితం గోడకంటించాడు. ఎవరు మిషను తెస్తారు, ఎవరు లారీ తెస్తారు, ఎవరు తిండి తెస్తారు. మా వైపు ఎవరికైనా కోతల వేళ కష్టం వస్తే ఇదే పద్ధతి. వాళ్లు అడగరు, మనం చెప్పం. ఒక పొద్దున పది పదకొండు కోతమిషన్లు రోడ్డెక్కి ఆ పొలానికి పోతాయి, పొద్దుగూకేసరికి చేను గాదెలో ఉంటుంది. దానికి డబ్బిస్తానంటే కొట్టినంత పని చేస్తారు. తీర్చుకునే దారి ఒక్కటే. ఇంకొకరికి కష్టం వచ్చినప్పుడు ఆ వరసలో మన మిషను ఉండాలి. స్టెఫా మిషను అలా ఇరవై ఏళ్లుగా ప్రతి వరసలోనూ ఉంది.

ఆ రోజు తీసి పంపిన ఫొటో చూసి ఆసుపత్రిలో స్టెఫా ఏడ్చింది. పదకొండు మిషన్లు తన గోధుమలో బారు తీరి ఉన్నాయి. ఆ ఏడుపు నిండా కృతజ్ఞతే.

రెండో ఏడు ఏడ్చిన ఏడుపు వేరు. ఇంటికొచ్చేసింది. లార్స్‌తో కూర్చుని కోతమిషనుకు ఒక లిఫ్టు తయారు చేయిస్తోంది. గడ్డిమోపులు పైకెత్తే పాత మిషను గొలుసు, పడవలు లాగే కరెంటు మోటారు, ట్రాక్టరు సీటు ఒకటి. మీట నొక్కితే సీటు నిచ్చెన పక్క నుంచి పైకి పోయి డ్రైవరు గదిలో దింపుతుంది. నేటి కోతమిషను నడపడానికి కాళ్లతో పనేముంది? అంతా చేతిలో మీటే. బ్రేకులకు మాత్రం కాలు కావాలి, దానికి లార్స్ చేతికందేలా ఒక కడ్డీ బిగించాడు. పని రెండు రోజుల్లో పూర్తవుతుందనగా, ఒక పొద్దున కిటికీలోంచి చూస్తే పొలం నిండా మిషన్లు. మళ్లీ వచ్చేశారు. అడగలేదు, చెప్పలేదు. సాయంత్రానికి తన చేను తన చెయ్యి పడకుండానే అయిపోయింది. వంటింట్లో తలుపేసుకుని పళ్లు పటపట కొరుకుతూ ఏడ్చింది. బయట ఉన్న వాళ్లు, "పాపం, ఎంత పొంగిపోయిందో" అనుకున్నారు.

మూడో ఏడు ఆవిడే కాఫీ బల్ల దగ్గరకెళ్లి, "నా చేలో అడుగుపెట్టిన వాడి టైర్లు కోసేస్తా" అని చెప్పి వచ్చింది. ఎవరూ రాలేదు. తన గోధుమ తనే కోసుకుంది. మొదటి రోజు ఆ లిఫ్టు సీటులో పైకి పోతుంటే, పైనుంచి చేను కనబడుతుంటే, నోరారా పాట పాడింది. ఆవిడ గొంతు బాగుండదు. చేలో వినేవాళ్లెవరూ లేరు కాబట్టి నష్టం లేదు.

సర్కారు వాళ్ల వైకల్యం ఫారం ఒకటి ఉంది. ఎన్ని అడుగులు నడవగలరు, ఎంత బరువెత్తగలరు, స్నానం ఎవరు చేయిస్తారు అని అడుగుతుంది. స్టెఫా దాన్ని నింపి పంపింది, కారు అద్దానికి తగిలించుకునే నీలం కార్డు వచ్చింది. కో-ఆప్ ముందు గుమ్మానికి దగ్గరగా బండి పెట్టుకోవచ్చు. ఆ కార్డంటే ఆవిడకు పేచీ ఏమీ లేదు. చలికాలంలో దానంత మంచి కార్డు లేదు. కానీ ఆ ఫారంలో లేని ప్రశ్న ఒకటుంది. మీ పక్క పొలం ఆయన మీతో ఇంకా పోట్లాడుతున్నాడా?

నెస్టర్ పోట్లాట మానేశాడు. స్టెఫా ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి వసంతంలో కాలవ పొంగింది, అడవి ఓట్లు ఆయన చేలోకి పోయాయి. స్టెఫా కాఫీ బల్ల దగ్గరకు చక్రాల కుర్చీలో వచ్చి, జవాబు నాలుక చివర సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. నెస్టర్ ఆవిడ కప్పులో కాఫీ పోసి, "పంచదార వెయ్యనా తల్లీ?" అన్నాడు. అంతే. తల్లీ! డెబ్బై ఏళ్ల వాడు, నలభై ఏడేళ్లుగా ఎరిగున్న వాడు, మొండిఘటమా అనే నోటితో తల్లీ అన్నాడు. తర్వాత తెలిసింది, ఆ కాలవ పూడిక తనే స్వయంగా తీయించాడట. ఆ రోజు ఇంటికెళుతూ స్టెఫాకు అర్థమైంది. గాదె మీంచి పడ్డ రోజున పోయినవి కాళ్లు. మనిషి పోయింది ఈ రోజున.

ఆయన చెడ్డవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేది.

ఈ ఏడు సెప్టెంబరు మొదట్లో వాసిల్ గుండె పట్టుకుని పశువుల కొట్టంలో కూలబడ్డాడు. వాసిల్ స్టెఫాతో ఒకటో తరగతి నుంచి కలిసి చదివినవాడు, వాళ్ల పొలం పద్నాలుగు కిలోమీటర్ల దూరం. పట్నంలో ఛాతీ కోసి గుండెకు కొత్త దారులు వేశారు. మూడు వారాలకు ఇంటికి పంపుతూ, పాలడబ్బా కన్నా బరువైనది ఎత్తావో చచ్చావే అన్నారు. ఏడు వందల ఎకరాల గట్టి గోధుమ, సేమ్యాలకీ మెకరోనీకీ పనికొచ్చే రకం, నిలువునా ఎండి నిలబడి ఉంది. శనివారానికి మంచు పడుతుందని రేడియో చెబుతోంది.

బుధవారం స్టెఫా కాఫీ బల్లకు వెళ్లేసరికి, శుక్రవారం కోతకని కాగితం గోడ మీద ఉంది. కుర్చీ తోసుకుని దగ్గరకెళ్లి చదివింది. కోతమిషన్లు, ఎనిమిది పేర్లు. తన పేరు లేదు. లారీలు, ఐదు పేర్లు. తన పేరు లేదు. తిండి అని రాసిన చోట, బంగాళాదుంప కూరిన పెరోగీలు, క్యాబేజీ చుట్టలు, బీట్‌రూట్ చారు అన్నీ దాటాక, అన్నిటికన్నా అడుగున ఉంది. 'స్టెఫా – కేకు.'

ఆవిడ జన్మలో కేకు చేసిన పాపాన పోలేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. చర్చి విందుకు ఒకసారి చేస్తే ఫాదరీగారి కుక్క వాసన చూసి వెనక్కి తిరిగింది. అయినా రాశారంటే అర్థం ఒక్కటే. పాపం, ఏదో ఒక చోట పేరు ఉండాలి కదా అని రాశారు.

"బాబాయ్, నా మిషను రాయడం మర్చిపోయారు" అంది స్టెఫా.

నెస్టర్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "మర్చిపోలేదు తల్లీ. ఎనిమిది సరిపోతాయిలే. నీకెందుకంత శ్రమ? నీ బార్లీ ఇంకా చేలోనే ఉందాయె. నువ్వొచ్చి ఆనీ దగ్గర కూర్చుంటే చాలు, దానికి ధైర్యంగా ఉంటుంది."

ఆనీ వాసిల్ భార్య. ఆవిడకు ధైర్యం చెప్పాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. ఆవిడే ఎద్దుకు ముక్కుతాడు వేసే మనిషి.

"ఎనిమిది మిషన్లతో ఏడు వందల ఎకరాలు ఒక్క రోజులో అవుతుందా? లెక్క నాకూ వచ్చు."

"చూద్దాంలే, చూద్దాంలే" అన్నాడు నెస్టర్, ఏడ్చే పిల్లను ఊరుకోబెడుతున్నట్టు.

స్టెఫా కుర్చీ తిప్పుకుంది. కాఫీ బల్ల దగ్గర మాట పడి జవాబివ్వకుండా వెళ్లిపోవడం ఆవిడ చరిత్రలో అదే మొదటిసారి. బండిలో కూర్చుని నీలం కార్డు వంక చాలాసేపు చూసింది. ఈ వరసలో తన మిషను లేకపోతే ఇంకే వరసలోనూ ఉండదు. ఇక జీవితాంతం పొలం కోయించుకునే మనిషే గానీ కోసిపెట్టే మనిషి కాదు. వెళ్లి తీరాలి.

గురువారం మధ్యాహ్నమంతా తన బార్లీ కోసింది. సాయంత్రం చినుకు మొదలై ఆపాల్సి వచ్చింది. లారీ నిండిపోయి ఉంది, మిషను మీది గింజల ట్యాంకులో మూడో వంతు బార్లీ మిగిలింది. పొద్దున్నే దింపుకుందాంలే అనుకుంది. పొద్దున్నే ఆవిడ బుర్రంతా లిఫ్టు మీదే. ఇవాళ పదిమంది ముందు అది మొరాయిస్తే ఇక చెప్పేదేముంది, ఊరంతా కలిసి మోసుకుని దింపుతారు. గొలుసుకు నూనె పెట్టింది. మోటారు మూడుసార్లు నడిపి చూసింది. సీటు బెల్టు లాగి చూసింది. బ్రేకు కడ్డీ మరలు బిగించింది. ట్యాంకు సంగతి బుర్రలోంచి పూర్తిగా జారిపోయింది.

తేమ ఆరే వేళకు, పదిన్నరకు, ఎనిమిది మిషన్లు వాసిల్ పొలం గట్టు మీద బారు తీరి ఉండగా, రోడ్డు మీద తొమ్మిదోది కనబడింది, పైన పసుపు దీపం తిప్పుకుంటూ. ఎవరో "స్టెఫానే!" అన్నారు. నెస్టర్ ఆకాశం వంక చూశాడు. ఆవిడ లిఫ్టులో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఊళ్లో వాళ్లందరూ ఆకాశం వంకే చూస్తారు, ఆ సమయానికి అక్కడేదో పెద్ద మబ్బు వచ్చినట్టు.

స్టెఫా కిటికీ తెరిచి అరిచింది. "కేకు చెయ్యడం రాలేదు బాబాయ్. మిషను తెచ్చా. ఎటు నుంచి పట్టుకోమంటావ్?"

నలుగురి ముందు కాదనలేకపోయాడు. "ఆ రోడ్డు పక్క చదును చెక్క తీసుకో తల్లీ. అలసిపోతే ఆగిపో, మొహమాటపడకు." మిగిలిన ఎనిమిదికీ గుంటలూ రాళ్లూ ఉన్న చెక్కలు. ఆవిడకు పసిపిల్ల కూడా కోయగల చదును నేల. స్టెఫా పళ్లు బిగబట్టి మీట ముందుకు తోసింది.

పొలం గట్టున కారులో వాసిల్ కూర్చుని ఉన్నాడు, మోకాళ్ల మీద దుప్పటి, ఛాతీకి అదుముకుని ఒక దిండు. దగ్గినా తుమ్మినా కుట్లు కదలకుండా ఆసుపత్రి వాళ్లిచ్చిన దిండు అది. తన చేను తొమ్మిదిమంది కోస్తుంటే చూస్తున్నాడు. ఆ ముఖం స్టెఫాకు బాగా తెలుసు. ఆవిడ వంటింటి అద్దంలో చూసిన ముఖమే.

గోధుమ బంగారంలా పడుతోంది. మిషను నిండుగా మోగుతోంది. మొదటి మలుపు తిరగ్గానే ట్యాంకు నిండినట్టు ఎర్రదీపం వెలిగింది. ఇంత త్వరగానా? 'వీడి పంట భలే పండిందే' అనుకుని, వాసిల్ తరఫున సంతోషించింది కూడా. ట్యాంకులోకి చూసే వెనక అద్దం నిండా దుమ్ము. లార్స్ లారీ పక్కకు తీసుకొచ్చాడు. గొట్టం చాపి, మిషను ఆపకుండానే గింజ దింపేసింది.

లారీలో అప్పటికే చిన్న ట్యాంకుల మిషన్లవాళ్లు దింపిన తొమ్మిది టన్నుల గోధుమ ఉంది. లార్స్ పార పట్టుకుని గింజ సర్దడానికి పైకెక్కాడు. ఎక్కినవాడు ఎక్కినట్టే నిలబడిపోయాడు. తేనెరంగు గోధుమ మీద తెల్లతెల్లగా, మీసాల ముక్కలతో, బార్లీ గుట్ట.

చెయ్యి ఊపి స్టెఫాను ఆపాడు. ఒక గుప్పెడు తెచ్చి కిటికీలోంచి అరచేతిలో పోశాడు. ఆవిడ చూసింది. నిన్న సాయంత్రం ట్యాంకులో మిగిల్చిన తన బార్లీయే.

పన్నెండేళ్ల పిల్లాడు చేసినా వీపు చిట్లే తప్పు అది. పొలం మారేటప్పుడు ట్యాంకు ఊడవడం అన్నది మా వైపు పాలు విడిచిన పిల్లలకు నేర్పే మొదటి పాఠం. మెకరోనీ గోధుమలో బార్లీ కలిస్తే విడదీయడం ఎవడి తరమూ కాదు. మంచి గింజ కాస్తా పశువుల దాణా అయిపోతుంది. అదీ గుండె కోయించుకుని కారులో కూర్చున్నవాడి గింజ.

కాసేపటికి భోజనాల వేళ కావడంతో మిషన్లన్నీ గట్టుకు చేరాయి. లార్స్ చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది. ఒక్కొక్కళ్లే లారీ ఎక్కి చూసి దిగారు. స్టెఫా లిఫ్టులో కిందికి దిగింది. రెండు నిమిషాల నలభై సెకన్లు పడుతుంది. అంతసేపూ ఆకాశం వంక చూశారు. ఆవిడ కుర్చీలో సర్దుకుని వాళ్లెదుటికి వచ్చింది, తల వంచుకుని కాదు, ఎత్తుకునే. తిట్లు తినడానికి వచ్చింది.

ఎవరూ ఏమీ అనలేదు. ఆనీ క్యాబేజీ చుట్టలు వడ్డిస్తూ, "చల్లారిపోతాయి, తినండర్రా" అంది. ఒకాయన బూటుతో మట్టి గీస్తున్నాడు. పోయినేడు కుర్రాడొకడు ఇదే తప్పు చేస్తే వాడికి పెళ్లి కాకుండా చేస్తామన్నంత పని చేశారు ఈ మనుషులే. స్టెఫా ఒక్కొక్క ముఖమే చూసింది. అందరి ముఖాల్లోనూ ఒకటే జాలి.

నెస్టర్ దగ్గరకొచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. "పర్లేదు తల్లీ. ఏమైందిప్పుడు? పశువులు తినవా ఏం? నువ్వు రావడమే పదివేలు."

స్టెఫా ఆ చేతిని తీసి పక్కన పెట్టింది, ఒళ్లో పడ్డ వేడి గిన్నెను తీసి పెట్టినట్టు.

"తిట్టు" అంది.

"ఏంటమ్మా?"

"తిట్టు బాబాయ్. ఇదే పని వాసిల్ గాడు నీ చేలో చేసుంటే ఏమనేవాడివి? లార్స్ చేసుంటే? ఏడేడు తరాలు తవ్వి పోసేవాడివి కాదూ? తొమ్మిది టన్నుల గోధుమ తగలేశాను. ట్యాంకు చూసుకోలేదు. నా కాళ్లు మర్చిపోలేదు ఆ ట్యాంకు సంగతి, నా బుర్ర మర్చిపోయింది. బుర్రకేమీ కాలేదు, డాక్టర్లు రాసిచ్చారు కూడా. తిట్టు!"

ఐదేళ్లుగా ఒక్కరి ముందూ ఏడవని మనిషి అక్కడ, తొమ్మిది మిషన్ల ముందు, కళ్లు తుడుచుకోకుండా ఏడ్చింది. "ఐదేళ్లయింది నువ్వు నన్ను తిట్టి. నేనేం చచ్చానా?"

నెస్టర్ ముఖం ఎర్రబడింది. టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. తర్వాత టోపీ నేలకేసి కొట్టాడు.

"చచ్చావా? చస్తే పీడా పోయేది! గుడ్డి కోడి కూడా బార్లీనీ గోధుమనీ వేరు చేసి తింటుందే! ట్యాంకు ఊడవకుండా ఊరి మీద పడతావా? మీ నాన్న ఉంటే ఆ పారతోనే నీ వీపు సాపు చేసేవాడు! ఎర్రదీపం అంత తొందరగా వెలిగితే అనుమానం రాలేదుటే నీకు?"

"పంట బాగా పండిందనుకున్నా" అంది స్టెఫా ఏడుస్తూనే.

"పండిందనుకుంది! వాసిల్ గాడికి ఏ ఏడు పండి చచ్చింది గనక ఈ ఏడు పండుతుంది? ఆ కాలవ పూడిక నా చేత తీయించావ్! నాలుగేళ్లుగా నీ అడవి ఓట్లు నా చేలో కాపురాలు పెట్టి పిల్లల్ని కంటున్నాయ్, నోరు మూసుకుని పీకుతున్నా! కాళ్లు పనిచెయ్యవు, కాళ్లు పనిచెయ్యవు అంటారందరూ. పప్పులో కాలెయ్యడానికి మాత్రం మహా బాగా పనిచేస్తున్నాయే నీ కాళ్లు!"

ఆ మాట ఐదేళ్లలో ఎవరి నోటా రాలేదు. ఆనీ గరిటె గాల్లోనే ఉండిపోయింది. నెస్టర్‌కే తానన్నదేమిటో అర్థమై నోరు తెరిచాడు.

ముందు నవ్వింది స్టెఫా. ముక్కు కారుతూ, కళ్లు కారుతూ, కుర్చీ ఊగిపోయేలా నవ్వింది. ఆ వెంటనే కారులోంచి ఒక వింత చప్పుడు. వాసిల్, దిండును రెండు చేతులా గుండెకు అదుముకుని, ముఖం మెలికలు తిప్పుకుంటూ నవ్వుతున్నాడు. "ఒరేయ్, నవ్వించకండ్రా, కుట్లు ఊడతాయ్! అబ్బా! చస్తాన్రా!" ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన ముఖంలో నవ్వు చూడటం ఆనీకి అదే మొదలు. ఆవిడ గరిటె పక్కన పెట్టి ముక్కు చీదుకుంది.

నవ్వు కాస్త తగ్గాక వాసిల్ కారు తలుపు తెరిచాడు. "అయినా నా గోధుమ చెడితే నన్ను తిట్టనివ్వరేంట్రా? స్టెఫా, దున్నపోతా, సిగ్గుందా నీకు?"

"లేదురా. ఎప్పుడో అమ్ముకున్నా" అంది స్టెఫా.

"ఊరికే ఏడిస్తే కుదరదు" అన్నాడు నెస్టర్, టోపీ దుమ్ము దులుపుకుంటూ. ఆయన గొంతులో పాత కటువుదనం మళ్లీ వచ్చింది. "ఈ లోడు నీ కొట్టానికి తోలుకుపో, నీ దగ్గరే పడుండనీ. దీనికి సరిపడా నీ గాదెలోంచి మెకరోనీ గోధుమ వాసిల్‌కి పోసిరా. రేపే."

"ఇవాళే పోస్తా."

"ఇవాళ కోత ఉందే మొద్దూ! చదును చెక్క అయిపోయాక ఆ రాళ్లగుంట పక్కది పట్టు. అక్కడ నా మిషను పళ్లు రెండు విరిగాయి. నువ్వూ విరగ్గొట్టుకో."

రాళ్లగుంట పక్కది. స్టెఫా ఆనీ చేతిలోంచి కంచం అందుకుని రెండు క్యాబేజీ చుట్టలు ఒక్క బుక్కలో లాగించింది. తర్వాత ట్యాంకు అడుగు తలుపు తీయించి, లార్స్‌కు చీపురిచ్చి, ఆఖరి గింజ దాకా ఊడిపించింది. కుర్చీలోంచి మెడ చాచి తనే పరీక్షగా చూసుకుంది. మళ్లీ లిఫ్టులో పైకి పోతుంటే, ఈసారి నెస్టర్ ఆకాశం వంక చూడలేదు. ఆవిడ వంకే చూస్తూ, "ఆ గొలుసు కిర్రుమంటోంది, నూనె పెట్టి చావరాదా?" అని కేకేశాడు. పొద్దున పెట్టిన నూనె సంగతి ఆవిడ చెప్పలేదు.

పొద్దుగూకే లోపల ఏడు వందల ఎకరాలూ అయిపోయాయి. రాళ్లగుంట దగ్గర స్టెఫా మిషనుకు మూడు పళ్లు విరిగాయి. వెళ్లే ముందు ఆవిడ కుర్చీ వాసిల్ కారు పక్కకు చేర్చింది. వాసిల్ కోసేసిన చేను వంక చూస్తున్నాడు. నవ్వు అప్పటికే పోయింది.

"ఇవాళ్టికి అయింది. వచ్చే ఏడు?" అన్నాడు మెల్లగా. "డాక్టరు ఏమీ తేల్చి చెప్పడంలేదే. ఇలా దిండు పట్టుకుని కూర్చునుండగా వీళ్లందరూ మళ్లీ వచ్చి కోసిపెడితే... ఏం చెయ్యను స్టెఫా?"

ఊళ్లో ఇంకెవరైనా అయితే, అలా అనుకోకురా, అంతా బాగవుతుంది అనేవాళ్లు. స్టెఫా అనలేదు. "వచ్చే ఏడు ఇంకొకడెవడో పడతాడు. ఎవడో ఒకడు పడకుండా ఏ ఏడూ పోదు. కాగితం గోడ మీద పెడతారు. నీ పేరు కేకు దగ్గర రాస్తే వచ్చి నాతో చెప్పు. ఆ కాగితం చించి పోగులు పెట్టి నీ చేత మిషనెక్కిస్తా. లారీయే నడుపు, పర్లేదు. లారీకి గుండెతో ఏం పని?"

వాసిల్ దిండు మీద గడ్డం ఆనించాడు. "నువ్వు ట్యాంకు ఊడ్చుకుంటేనే నడుపుతా" అన్నాడు చివరికి.

శనివారం నిజంగానే మంచు పడింది. వారంలో కరిగిపోయింది. ఈ లోపల కాఫీ బల్ల దగ్గర స్టెఫా బతుకు బస్టాండయింది. ఆవిడ రాగానే ఒకడు పంచదార డబ్బా చూపించి, "స్టెఫా, ఇది ఉప్పో పంచదారో కాస్త చెప్పవే, నీకు గింజలు బాగా తెలుసు కదా" అంటాడు. ఇంకొకడు బార్లీ చారు తాగుతూ అందులో గోధుమ వెతుకుతాడు. మా వాళ్ల సంగతి నాకు తెలుసు. ఇది ఆవిడ సమాధి దాకా నడుస్తుంది, ఆ తర్వాత కూడా ఫాదరీగారు ప్రార్థనలో ఏదో ఒకటి అంటారు. ఆవిడ ఒక్కొక్కడికీ వడ్డీతో సహా అంటిస్తోంది. నెస్టర్ కాఫీ పోయడం మానేశాడు. ఎవరి కప్పు వాళ్లే పోసుకోవాలి అంటున్నాడు.

అక్టోబరు రెండో వారంలో, స్టెఫా పొయ్యి మీద చారు కలుపుతుండగా ఫోను మోగింది.

"రేపు పదింటికి, కొలొడ్నీ పొలం" అన్నాడు నెస్టర్. పలకరింపు లేదు, ఏమీ లేదు. "వాడి భార్యకు కాన్పు కష్టమై పట్నం తీసుకెళ్లారు. మసూరు నాలుగు వందల ఎకరాలుంది. ట్యాంకు ఊడ్చుకుని తగలడు."

"వాసిల్ లారీ కూడా..." అని స్టెఫా మొదలుపెట్టింది.

ఫోను అప్పటికే పెట్టేశాడు. రాగలవా అని అడగలేదు.

స్టెఫా చారు దించేసింది. గోడకున్న చీపురు ఒళ్లో పెట్టుకుని, వెలుతురు ఉండగానే, కొట్టం వైపు కుర్చీ తోసుకుంటూ పోయింది.